భిల్లుల కీకా – మహారాణా ప్రతాప్ జీవిత చరిత్ర



ఈసారి మన గోడపత్రికలో మహనీయుల జీవిత చరిత్ర రాసే వంతు మా 9వ తరగతికి వచ్చింది. నేను మహారాణా ప్రతాప్ గురించి రాస్తున్నాను. పరీక్ష కోసం మనం ఆయన గురించి నాలుగు ముక్కలే గుర్తు పెట్టుకుంటాం. రాజు పేరు, యుద్ధం పేరు, సంవత్సరం, గుర్రం పేరు. అంతే. కాని ఆ రాజు 25 ఏండ్లు అంత పెద్ద మొగలు సైన్యానికి చిక్కకుండా ఎట్లా ఉన్నాడు? ఆయన్ని ఎవరు దాచినారు? ఆయన పిల్లలకు ఎవరు తిండి పెట్టినారు? దీనికి జవాబు అడవిలో ఉంది. అది మనలాంటి వాళ్ళ కథ కూడా. అందుకే కొంచెం పెద్దగా రాసినాను. ఓపికగా చదవండి.

మేవాడ్ – భిల్లులు

మేవాడ్ రాజ్యం ఇప్పటి రాజస్థాన్ రాష్ట్రంలో దక్షిణం వైపు ఉండేది. దాని రాజధాని చిత్తోడ్. ఇది మన చిత్తూరు కాదు, పేరు మాత్రమే దగ్గరగా ఉంది. రాజస్థాన్ అంటే మనకు ఇసుక, ఒంటెలే గుర్తుకొస్తాయి. కాని మేవాడ్‌లో ఆరావళి కొండలు ఉన్నాయి. వాటి మధ్య ఇరుకు కనుమలు, అడవులు, వాగులు ఉన్నాయి. వానాకాలంలో అక్కడ కూడా కొండలు పచ్చగా ఉంటాయి.

ఆ కొండల్లో భిల్లులు అనే ఆదివాసులు ఉంటారు. ఇప్పుడు వాళ్ళు రాజస్థాన్, గుజరాత్, మధ్యప్రదేశ్, మహారాష్ట్రలలో లక్షలమంది ఉన్నారు. మన దేశంలో ఉన్న పెద్ద ఆదివాసీ తెగల్లో వాళ్ళది ఒకటి. భిల్లు అనే పేరు విల్లు అనే మాట నుంచే వచ్చిందని చాలామంది పండితులు చెబుతారు. అంటే అంత దూరంలో ఉన్నవాళ్ళ పేరులో మన దక్షిణాది మాట ఉన్నదన్నమాట. ఇది తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది.

పుట్టుక – బాల్యం

ప్రతాప్ 1540 మే 9న కుంభల్‌గఢ్ కోటలో పుట్టినాడు. తండ్రి మహారాణా ఉదయసింహుడు, తల్లి జైవంతాబాయి. మొదట తండ్రి సంగతి చెప్పాలి. ఉదయసింహుడు చిన్న పిల్లవాడుగా ఉన్నప్పుడు బన్‌వీర్ అనేవాడు సింహాసనం కోసం అతన్ని చంపడానికి కత్తి పట్టుకుని వచ్చినాడు. పిల్లవాణ్ణి పెంచే దాది పన్నా, రాకుమారుణ్ణి ఒక బుట్టలో పెట్టి బయటికి పంపించి, ఆ పక్క మీద తన సొంత కొడుకును పడుకోబెట్టింది. ఆమె కళ్ళ ముందే బన్‌వీర్ ఆ బిడ్డను చంపినాడు. అట్లా బతికిన ఉదయసింహుని కొడుకే మన ప్రతాప్. ఒక పని మనిషి తన బిడ్డను ఇచ్చుకోకపోతే ప్రతాప్ పుట్టేవాడే కాదు. ఇది అందరం గుర్తుంచుకోవాలి.

ప్రతాప్ చిన్నప్పుడు కొండల్లో భిల్లు పిల్లలతో కలిసి తిరిగేవాడని మేవాడ్‌లో చెప్పుకుంటారు. భిల్లులు చిన్న పిల్లవాణ్ణి ముద్దుగా కీకా అని పిలుస్తారు. ప్రతాప్‌ను కూడా కీకా అనే పిలిచినారు. ఆయన పెద్దయి రాజు అయినా ఆ పేరు పోలేదు. విచిత్రం ఏమిటంటే అక్బర్ దగ్గర చరిత్ర రాసినవాళ్ళు కూడా ఆయన్ని రాణా కీకా అనే రాసినారు. మనకు కూడా ఇంట్లో అమ్మ, అవ్వ పిలిచే పేరు ఒకటి, బడి రిజిస్టరులో పేరు ఇంకొకటి ఉంటుంది కదా. మన ఇంటి పేరు పిలుపు ఇంటికాడే ఉండిపోతుంది. కాని అడవి వాళ్ళు ప్రేమగా పెట్టిన పిలుపు శత్రువుల పుస్తకంలోకి ఎక్కింది.

చిత్తోడ్ పోవుట

1567 అక్టోబరులో అక్బర్ చక్రవర్తి పెద్ద సైన్యంతో వచ్చి చిత్తోడ్ కోటను చుట్టుముట్టినాడు. సామంతుల సలహా మీద ఉదయసింహుడు కుటుంబంతో కొండల్లోకి వెళ్ళినాడు. జైమల్, పత్తా అనే ఇద్దరు వీరులు కోటను కాపాడినారు. నాలుగు నెలలు పోరాడినాక 1568 ఫిబ్రవరిలో కోట పడిపోయింది. లోపల ఆడవాళ్ళు మంటల్లో దూకి ప్రాణాలు తీసుకున్నారు. కోటలో తల దాచుకున్న రైతులు, మామూలు జనం కూడా సుమారు 30,000 మందిని చంపించినారు. పెద్దవాళ్ళ యుద్ధంలో చచ్చిపోయేది ఎక్కువగా పేరు లేని జనమే.

అప్పుడు ప్రతాప్‌కు 27 ఏండ్లు.

రాజు అగుట

1572లో ఉదయసింహుడు గోగుందాలో చనిపోయినాడు. ఆయన చిన్న రాణి కొడుకు జగ్‌మల్‌ను రాజుగా చెప్పిపోయినాడు. కాని సామంతులు ఒప్పుకోలేదు. ఇట్లాంటి కష్టకాలంలో పెద్ద కొడుకు ప్రతాపే కావాలని అతన్ని గోగుందాలో గద్దె మీద కూర్చోబెట్టినారు. జగ్‌మల్ కోపంతో అక్బర్ దగ్గరికి వెళ్ళిపోయినాడు.

అప్పటికే చాలామంది రాజపుత్ర రాజులు అక్బర్‌తో కలిసిపోయినారు. వాళ్ళకు పెద్ద పదవులు వచ్చినాయి. అక్బర్ ప్రతాప్ దగ్గరికి కూడా 1572, 1573లో నలుగురు రాయబారులను ఒకరి తరువాత ఒకరిని పంపినాడు. మొదట జలాల్ ఖాన్, తరువాత అంబర్ రాకుమారుడు మాన్‌సింగ్, ఆయన తండ్రి భగవంత్ దాస్, చివరికి తోడర్‌మల్ వచ్చినారు. ప్రతాప్ ఎవ్వరినీ అవమానించి పంపలేదు గాని, తానే దర్బారుకు వచ్చి తల వంచుతానని మాత్రం ఒప్పుకోలేదు.

హల్దీఘాటీ యుద్ధం

హల్దీ అంటే పసుపు, ఘాటీ అంటే కనుమ. అక్కడి మట్టి పసుపు రంగులో ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. 1576 జూన్ 18న అక్కడ యుద్ధం జరిగింది. మొగలు సైన్యానికి సేనాపతి మాన్‌సింగ్. ఆయన రాజపుత్రుడు. ప్రతాప్ సైన్యం ముందు భాగాన్ని నడిపినవాడు హకీం ఖాన్ సూర్. ఆయన ఆఫ్ఘన్ ముస్లిం. కాబట్టి కొందరు చెప్పేటట్లు ఇది హిందువులకు ముస్లింలకు జరిగిన యుద్ధం కాదు. రెండు వైపులా రెండు మతాలవాళ్ళు ఉన్నారు.

ప్రతాప్ వైపు పనర్వా నాయకుడు రాణా పూంజా కింద భిల్లుల విలుకాండ్రు వచ్చినారు. వాళ్ళు సుమారు 400 మంది అని చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. వాళ్ళ దగ్గర గుర్రాలు లేవు, ఇనుప కవచాలు లేవు. విల్లు, బాణాలు, రాళ్ళు, ఇంకా ఆ కొండ దారులు తెలిసిన కాళ్ళు ఉన్నాయి.

మొదట ప్రతాప్ సైన్యం ఎంత గట్టిగా మీద పడిందంటే మొగలు ముందు దండు వెనక్కి పారిపోయింది. తరువాత అక్బర్ చక్రవర్తే స్వయంగా వస్తున్నాడని మొగలు వైపు పుకారు లేపినారు. దాంతో పారిపోయినవాళ్ళు తిరిగి వచ్చినారు. ప్రతాప్‌కు గాయాలు తగిలినాయి. శత్రువులు చుట్టుముట్టినారు. అప్పుడు ఝాలా మాన్ అనే సామంతుడు రాజు గొడుగును తన మీద పట్టించుకుని నేనే రాజునన్నట్లు నిలబడినాడు. శత్రువులు ఆయన మీద పడినారు. ఆయన చనిపోయినాడు, ప్రతాప్ బయటపడినాడు.

చేతక్ గుర్రం గురించి మీ అందరికీ తెలుసు. కాలు తెగినా యజమానిని వాగు దాటించి అక్కడ పడి చనిపోయిందని చెబుతారు. ఆ చోట ఇప్పటికీ దాని సమాధి ఉంది. స్కూటరుకు, హెలికాప్టరుకు కూడా దాని పేరు పెట్టినారు. నాకు చేతక్ అంటే ఇష్టమే. కాని చదువుతుంటే ఒక అనుమానం వచ్చింది. గుర్రం పేరు దేశమంతా తెలుసు. ఆ 400 మంది భిల్లుల్లో ఎంతమంది పేర్లు మనకు తెలుసు? వాళ్ళను కూడా ఎవరో తల్లులు కన్నారు, పేర్లు పెట్టినారు. కాని ఎవరూ రాసి పెట్టలేదు.

బదాయూనీ అనే ఆయన మొగలు వైపు ఆ యుద్ధంలో ఉండి, తరువాత పుస్తకం రాసినాడు. ఆయన లెక్క ప్రకారం ఆ రోజు సుమారు 500 మంది చనిపోయినారు. యుద్ధభూమి మొగలులకే దక్కింది. కాని ప్రతాప్ దొరకలేదు. అందుకే అక్బర్ మాన్‌సింగ్ మీద కోపపడి కొన్నాళ్ళు దర్బారుకు రానివ్వలేదు.

గెలిచినవాళ్ళకు తిండి లేదు

నాకు బాగా నచ్చిన భాగం ఇదే. గెలిచిన మొగలు సైన్యం గోగుందాకు వెళ్ళింది. కాని అక్కడ వాళ్ళకు భయం పట్టుకుంది. ఏ రాత్రి ఎటువైపు నుంచి వచ్చి పడతారో తెలియదు. వీధులకు అడ్డం కట్టినారు, చుట్టూ కందకం తవ్వినారు, గుర్రం దూకలేనంత ఎత్తు గోడ లేపినారు. కొండ దారులన్నీ ప్రతాప్ మనుషులు మూసేసినారు. బయట నుంచి ధాన్యం రానీయలేదు. సైనికులు మాంసం, మామిడిపండ్లు తిని కడుపు నింపుకున్నారు. ఉత్త మామిడిపండ్లు రోజూ తింటే ఏమవుతుందో మనకు తెలుసు కదా! చాలామందికి జబ్బు చేసింది.

అదే సంవత్సరం అక్టోబరులో అక్బర్ స్వయంగా వచ్చినాడు. ఆయనకూ ప్రతాప్ దొరకలేదు. తరువాత షాబాజ్ ఖాన్ అనే సేనాపతి మళ్ళీ మళ్ళీ వచ్చినాడు. 1578లో కుంభల్‌గఢ్ కోట కూడా మొగలుల చేతికి పోయింది. ఇప్పుడు ప్రతాప్‌కు పెద్ద కోట ఏదీ లేదు. కొండే కోట.

అడవిలో బతుకు

ఈ కాలంలో ఆయన కుటుంబాన్ని కాపాడింది భిల్లులు. ప్రతాప్ పిల్లలను వెదురు బుట్టల్లో పెట్టి జావర్ గనుల దగ్గరికి మోసుకుపోయి అక్కడ దాచి, తిండి పెట్టి కాపలా కాసినారట. అడవి జంతువులు ముట్టకుండా బుట్టలను చెట్లకు వేలాడదీసేవారట. కర్నల్ టాడ్ అనే ఇంగ్లీషు అధికారి 1829లో అచ్చయిన తన పుస్తకంలో ఈ సంగతి రాసినాడు. ఆ చెట్లకు బుట్టలు తగిలించిన ఇనుప కడియాలు అప్పటికీ ఉన్నాయని కూడా రాసినాడు. తండ్రిని ఒక దాది బుట్టలో పెట్టి బతికించింది. కొడుకు పిల్లలను భిల్లులు బుట్టలో పెట్టి బతికించినారు.

ప్రతాప్ కుటుంబం గడ్డి రొట్టెలు తిన్నదని, చిన్న పాప చేతిలో రొట్టెను అడవిపిల్లి ఎత్తుకుపోతే ఆయన ఏడ్చినాడని ఒక కథ ఉంది. చాలామంది చరిత్రకారులు దీన్ని నమ్మరు. నాకు కూడా ఒకటి అనిపిస్తుంది. అడవి తెలిసినవాళ్ళు పక్కన ఉంటే గడ్డి తినే అవసరం రాదు. దుంపలు ఉంటాయి, పండ్లు ఉంటాయి, వాగులో చేపలు ఉంటాయి, ఇప్పపువ్వు ఉంటుంది. భిల్లులు కూడా మనలాగే ఇప్పచెట్టును ఎంతో ప్రేమగా చూసుకుంటారు. అడవి తెలియనివాళ్ళకే అడవిలో ఆకలి.

ఇంకొక కథ మాత్రం నన్ను బాధపెట్టింది. మొగలులకు గింజ దొరకకూడదని ప్రతాప్ మైదానంలో ఎవరూ పంట వేయవద్దని, పశువులను మేపవద్దని ఆజ్ఞ వేసినాడు. జనం ఊళ్ళు విడిచి కొండల్లోకి పోయినారు. ఒక మేకల కాపరి ఎవరూ చూడటం లేదని బనాస్ నది ఒడ్డున పచ్చికలో మేకలను మేపుకుంటుంటే అతన్ని చంపి వేలాడదీసినారని టాడ్ పుస్తకంలోనే ఉంది. యుద్ధంలో గెలవాలంటే కఠినంగా ఉండాలని కొందరు అంటారు. కాని నాకు ఆ కాపరి తల్లి గుర్తుకొస్తుంది. మేకలు మేపే వాళ్ళు మన ఇళ్ళల్లో కూడా ఉన్నారు కదా. మహనీయుల చరిత్ర రాసేటప్పుడు ఇది కూడా రాయాలని నేను అనుకుంటాను.

మళ్ళీ గెలుపు

డబ్బు లేక సైన్యం చెదిరిపోయే సమయంలో భామాషా అనే మంత్రి తన దగ్గర ఉన్న ధనం అంతా తెచ్చి రాజు ముందు పెట్టినాడు. దానితో కొత్త సైన్యం తయారయింది. 1582లో దివేర్ అనే చోట ప్రతాప్, ఆయన కొడుకు అమర్‌సింహుడు మొగలు ఠాణా మీద పడి గెలిచినారు. అక్కడ నుంచి ఒక్కొక్క ఠాణా ఖాళీ అయింది.

ఒకసారి మొగలు సేనాపతి అబ్దుర్ రహీం ఖాన్ కుటుంబంలోని ఆడవాళ్ళు అమర్‌సింహునికి చిక్కినారు. ప్రతాప్ కొడుకును మందలించి, వాళ్ళను మర్యాదగా ఇంటికి పంపించినాడని చెబుతారు. యుద్ధంలో ఆడవాళ్ళను కొల్లగొట్టే రోజుల్లో ఇది గొప్ప పని.

1585 తరువాత అక్బర్ లాహోర్ వైపు వెళ్ళిపోయినాడు. ఆయనకు వాయవ్య సరిహద్దులో వేరే యుద్ధాలు వచ్చినాయి. మేవాడ్ మీదికి మళ్ళీ పెద్ద సైన్యం రాలేదు. ప్రతాప్ చిత్తోడ్, మాండల్‌గఢ్ తప్ప దాదాపు రాజ్యం అంతా తిరిగి తీసుకున్నాడు. కొండల మధ్య చావండ్ అనే చోట కొత్త రాజధాని కట్టుకున్నాడు. ఆయన దగ్గర ఉన్న చక్రపాణి మిశ్రా అనే పండితుడు విశ్వవల్లభం అనే పుస్తకం రాసినాడు. అది యుద్ధం గురించి కాదు. భూమిలో నీళ్ళు ఎక్కడ ఉంటాయి, బావి ఎక్కడ తవ్వాలి, చెట్లను ఎట్లా పెంచాలి అనే సంగతులు అందులో ఉన్నాయి.

1597 జనవరి 19న చావండ్‌లో ప్రతాప్ చనిపోయినాడు. వింటిని లాగుతుండగా లోపల దెబ్బ తగిలి జబ్బు పడినాడని చెబుతారు. అప్పుడు ఆయనకు 56 ఏండ్లు. దగ్గరలోని బండోలీలో ఎనిమిది స్తంభాల చిన్న ఛత్రి ఆయన సమాధిగా ఉంది. చిత్తోడ్‌ను మాత్రం ఆయన బతికుండగా తిరిగి చూడలేదు. 1615లో అమర్‌సింహుడు జహంగీర్‌తో సంధి చేసుకున్నప్పుడు చిత్తోడ్ తిరిగి వచ్చింది, కాని కోటను బాగు చేయకూడదనే షరతు మీద.

తరువాత ఏమైంది

ప్రతాప్‌కు ఇప్పుడు దేశంలో చాలా విగ్రహాలు ఉన్నాయి. ఉదయపూర్ విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టినారు. 2007లో పార్లమెంటు ఆవరణలో కూడా విగ్రహం పెట్టినారు. చిత్తోడ్ మళ్ళీ మనది అయ్యేవరకు ఇల్లు కట్టుకోమని ఒట్టు పెట్టుకుని బండ్ల మీదే తిరిగిన గాడియా లోహార్లు అనే కమ్మరివాళ్ళు ఉన్నారు. 1955లో ప్రధానమంత్రి నెహ్రూ గారు వాళ్ళను చిత్తోడ్ కోటలోకి తీసుకువెళ్ళినారు.

మేవాడ్ రాజచిహ్నంలో ఒక పక్క రాజపుత్రుడు, ఇంకొక పక్క విల్లు పట్టుకున్న భిల్లు సమానంగా నిలబడి ఉంటారు. పాత కాలంలో కొత్త రాజుకు భిల్లు నాయకుడు తన వేలి రక్తంతో బొట్టు పెట్టేవాడని కూడా చెబుతారు.

బొమ్మలో సమానమే. కాని బతుకులో? 1921లో అదే మేవాడ్ రాజ్యంలో భిల్లులు ఎక్కువ పన్నులు కట్టలేక, వెట్టిచాకిరీ చేయలేక ఏకీ ఉద్యమం చేయవలసి వచ్చింది. ఏకీ అంటే ఐకమత్యం. మోతీలాల్ తేజావత్ దానికి నాయకుడు. అంతకుముందు 1913 నవంబరు 17న మాన్‌గఢ్ గుట్ట మీద గోవింద్ గురు వెంట చేరిన భిల్లుల మీద బ్రిటిష్ వాళ్ళు కాల్పులు జరిపితే చాలామంది చనిపోయినారు. రాజు పిల్లలను బుట్టల్లో మోసినవాళ్ళ మునిమనుమలకు ఈ గతి పట్టింది. సాయం చేసినవాళ్ళను అవసరం తీరాక మర్చిపోవడం పెద్దవాళ్ళకు అలవాటు. ఒకసారి బస్సులో పక్కన కూర్చున్నావిడ, మా అవ్వ తట్ట చూసి ముక్కు మూసుకుని జరిగి కూర్చుంది. ఆ తట్టలో ఉన్నవి ఆవిడ ఊరివాళ్ళు సంతలో కొనుక్కునే కుంకుడు కాయలే.

మనం నేర్చుకోవలసినవి

1. ఓడిపోయిన రోజే అంతా అయిపోయినట్లు కాదు. హల్దీఘాటీ తరువాత ఆరేండ్లకు దివేర్ వచ్చింది. పరీక్ష తప్పినా, ఇంటి బెంగ పట్టినా బడి మానేయకూడదు.

2. ఎంత గొప్పవాడైనా ఒక్కడే గొప్పవాడు కాలేదు. ప్రతాప్ వెనుక పన్నా దాది, హకీం ఖాన్, ఝాలా మాన్, భామాషా, పూంజా, పేరు తెలియని భిల్లులు ఉన్నారు.

3. అడవి తెలియడం కూడా చదువే. చెట్టు పేరు, దుంప పేరు, వాగు దారి చెప్పగలిగే మన అవ్వలు, తాతలు చదువురాని వాళ్ళు కాదు.

4. రాసి పెట్టినవాళ్ళ పేరే నిలుస్తుంది. మా ఇంట్లో అక్షరాలు నేర్చుకున్న మొదటి మనిషిని నేను. మనలో చాలామంది అంతే. అందుకే ఇది మన పని.

అక్కలారా, చెల్లెళ్ళారా, ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ తాత పేరు, తాత తండ్రి పేరు, మీ ఊరు ఎవరు కట్టినారు, ఏ కష్టం వస్తే ఎవరు ముందు నిలబడినారు అని అడిగి నోటుబుక్కులో రాసుకుని రండి. వార్డెన్ మేడం గారు అనుమతి ఇస్తే వచ్చే గోడపత్రికలో ఆ పేర్లన్నీ వరుసగా రాద్దాం. కాగితాలు అతికించడానికి మైదా జిగురు నేను ఉడికిస్తాను.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి.